గ్యారేజీ డోర్ స్ప్రింగ్ మార్చాల్సిన టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? అమెరికాలోని తెలుగు ఇళ్ళవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో చాలావాటికి రోజువారీ గుమ్మం గ్యారేజీయే. ముందు తలుపు చుట్టాలొచ్చినప్పుడు తీస్తారు. పొద్దున ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, సాయంత్రం డాన్స్ క్లాసుకి, రాత్రి చెత్తడబ్బా బయట పెట్టడానికి ఆ పెద్ద తలుపే. ఇంత వాడే వస్తువు గురించి ఇల్లు కొన్నప్పుడు మనకి ఎవరూ చెప్పరు. బటన్ నొక్కితే లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది, అంతవరకే తెలుసు. ఒకరోజు అది లేవదు. అప్పుడు హడావుడిగా ఎవరికో ఫోన్ చేసి, అడిగినంత ఇచ్చి, ఏం మార్చారో కూడా తెలియకుండా ఊరుకుంటాం. ఆ పరిస్థితి రాకుండా, ముఖ్యంగా ఇంట్లో ఎవరికీ దెబ్బ తగలకుండా ఉండాలని ఈ ప్రశ్నలు, జవాబులు.

తలుపుని ఎత్తేది మోటారే కదా, స్ప్రింగ్‌తో పనేంటి?

ఎత్తేది స్ప్రింగే. రెండు కార్లు పట్టే ఇన్సులేటెడ్ స్టీల్ తలుపు సాధారణంగా 150 నుంచి 200 పౌండ్లు ఉంటుంది, అంటే సుమారు 70 నుంచి 90 కిలోలు. చెక్క తలుపైతే ఇంకా ఎక్కువ. పైన వేలాడే ఆ చిన్న మోటార్ ఇంత బరువు ఎత్తడానికి తయారుచేసింది కాదు. తలుపు కిందికి దిగేటప్పుడు స్ప్రింగ్ బిగుసుకుంటుంది, పైకి లేచేటప్పుడు ఆ బిగువు విప్పుకుంటూ బరువు మోస్తుంది. ఊళ్ళో ఏతం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: వెనక బరువు సరిగ్గా ఉంటే నిండు బాన కూడా తేలిగ్గా పైకొస్తుంది. స్ప్రింగ్ బాగున్న తలుపుని పెద్ద వయసువాళ్ళు కూడా ఒక చేత్తో ఎత్తగలరు. మోటార్ చేసేదల్లా తలుపుని కాస్త ముందుకీ వెనక్కీ నడిపించడం.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. స్ప్రింగ్ నీరసించిపోతున్నా మోటార్ కొన్నాళ్ళపాటు ఎలాగోలా లాక్కొస్తుంది. ఇంట్లోవాళ్ళకి తేడా తెలియదు. అందుకే స్ప్రింగ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే మోటార్‌ని పక్కనపెట్టి తలుపుని చేత్తో ఎత్తి చూడాలి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మా తలుపుకి ఏ రకం స్ప్రింగ్ ఉంది?

తలుపు మూసి గ్యారేజీ లోపల నిలబడి తలుపు పైభాగం చూడండి. గోడకి అడ్డంగా ఒక ఇనప కడ్డీ, దాని మీద ఒకటో రెండో లావుపాటి చుట్టలు కనిపిస్తే అవి టార్షన్ స్ప్రింగులు. కొత్త ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి ఇవే. అలా కాకుండా, తలుపు పైకెళ్ళి పడుకునే రెండు పక్కల ట్రాకుల మీద పొడవుగా సాగే స్ప్రింగులుంటే అవి ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులు. పాత ఇళ్ళలో, ఒక కారు పట్టే గ్యారేజీల్లో ఎక్కువ.

ఎక్స్‌టెన్షన్ రకమైతే వెంటనే ఒకటి చూడండి. స్ప్రింగ్ మధ్యలోంచి ఒక ఉక్కు తీగ దూరి రెండు చివర్లా గట్టిగా కట్టి ఉండాలి. దాన్ని సేఫ్టీ కేబుల్ అంటారు. అది లేకపోతే స్ప్రింగ్ తెగిన రోజు ఆ ముక్క గ్యారేజీలో ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఎంత పాత ఇల్లయినా, స్ప్రింగులు ఎంత బాగున్నా, ఆ తీగ లేదంటే ఈ వారమే పెట్టించండి.

కొన్ని తలుపులకి స్ప్రింగ్ ఒక గొట్టం లోపల దాగి ఉంటుంది. వేన్ డాల్టన్ కంపెనీ టార్క్‌మాస్టర్ అలాంటిది. వాటిలో విరిగినా కంటికి కనిపించదు, తలుపు బరువునిబట్టే గ్రహించాలి.

స్ప్రింగ్ విరిగిందని ఎలా గుర్తుపట్టాలి?

చాలామంది ముందు వినేది చప్పుడు. గ్యారేజీలో ఏదో పేలినట్టు ఒక్కసారి పెద్ద శబ్దం వస్తుంది. వెళ్ళి చూస్తే ఏమీ పడి ఉండదు, కారు బాగానే ఉంటుంది, ఏమీ లేదనుకుని వెనక్కి వచ్చేస్తారు. అలాంటి శబ్దం వింటే తల పైకెత్తి స్ప్రింగ్ చూడండి. చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాల్సిన చోట రెండంగుళాల దాకా ఖాళీ కనిపిస్తే అది విరిగినట్టే.

దూరం నుంచి ఖాళీ సరిగా కనిపించకపోతే ఇంకో గుర్తు ఉంది. చాలా టార్షన్ స్ప్రింగుల మీద పొడవునా ఒక రంగు గీత ఉంటుంది. బిగించిన స్ప్రింగ్ మీద ఆ గీత మెలికలు తిరుగుతూ వెళ్తుంది. ఏడడుగుల ఎత్తు తలుపుకి సుమారు ఏడున్నర చుట్లు బిగిస్తారు కాబట్టి దాదాపు అన్ని మెలికలూ కనిపిస్తాయి. తలుపు మూసి ఉన్నప్పుడు ఆ గీత తిన్నగా ఉందంటే స్ప్రింగ్‌లో బిగువు లేదని అర్థం.

ఇక బటన్ నొక్కినప్పుడు తలుపు ఆరంగుళాలు లేచి ఆగిపోవడం చాలా తరచుగా కనిపించే లక్షణం. బరువు ఎక్కువైందని మోటార్ గ్రహించి ఆగుతుంది. ఆ సమయంలో మళ్ళీ మళ్ళీ నొక్కకండి. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. అలా నొక్కితే మోటార్ లోపలి ప్లాస్టిక్ గేర్ పళ్ళు అరిగిపోతాయి, లేదంటే తలుపు పైపలక మోటార్ చెయ్యి తగులుకున్న చోట వంగిపోతుంది. స్ప్రింగులతో పోయే ఖర్చు మోటార్‌కీ తలుపుకీ పాకుతుంది.

ఇంకా విరగలేదు. అరిగిపోతోందని ముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది, దాన్ని బరువు పరీక్ష అందాం. దానికి ఐదు నిమిషాలు చాలు. కాకపోతే ముందు స్ప్రింగ్, తలుపు కింది మూలల నుంచి పైకెళ్ళే ఉక్కు తీగలు (కేబుళ్ళు) కంటితో చూసి ఎక్కడా విరగలేదని, తెగలేదని రూఢి చేసుకున్నాకే మొదలుపెట్టాలి. పిల్లల్ని లోపలికి పంపేయండి.

తలుపు పూర్తిగా మూసి ఉండాలి. మోటార్ ట్రాక్ నుంచి ఎర్ర పిడితో ఒక తాడు వేలాడుతుంటుంది, దాన్ని కిందికి లాగండి. టక్కుమని శబ్దమొచ్చి తలుపుకీ మోటార్‌కీ సంబంధం తెగుతుంది. ఇప్పుడు తలుపు మధ్యలోని హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ఎత్తండి. నేల నుంచి మొదటి అడుగు లేచేటప్పుడే చాలా సంగతి తెలిసిపోతుంది. స్ప్రింగ్ బాగుంటే చెయ్యి పెద్దగా కష్టపడదు. నడుము పట్టేసేంత బరువుగా ఉంటే అక్కడే ఆపి కిందికి దించేయండి, పరీక్ష అయిపోయినట్టే.

తేలిగ్గా లేస్తే నడుమెత్తు వరకు తెచ్చి, చేతులు దగ్గరే ఉంచుకుని పట్టు సడలించండి. ఉన్నచోటే నిలబడితే, లేదా అంగుళమో రెండంగుళాలో కదిలి ఆగితే స్ప్రింగ్ ఆరోగ్యంగా ఉంది. దానంతటది కిందికి జారిపోతుంటే స్ప్రింగ్ నీరసించింది. పైకి ఎగబాకుతుంటే మరీ బిగించారు, అదీ సరిచేయించాల్సిందే. కాలివేళ్ళు తలుపు కిందా, చేతివేళ్ళు పలకల మధ్య సందుల్లోనూ పెట్టకండి.

అయిపోయాక తలుపు పూర్తిగా దించి బటన్ నొక్కితే చాలా మోటార్లలో ట్రాలీ (ట్రాక్ మీద కదులుతూ తలుపుని లాగే ముక్క) తిరిగొచ్చి మళ్ళీ తగులుకుంటుంది. మీ మోడల్‌కి ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, గడియారం గంట ముందుకీ వెనక్కీ మార్చుకునే రోజుల్లో పెట్టుకుంటే మర్చిపోరు.

దీనికి తోడు రోజూ కనిపించేవి కొన్ని ఉంటాయి. ఇదివరకు నెమ్మదిగా దిగే తలుపు చివరి రెండడుగులు ధబ్బుమని పడటం, లేచేటప్పుడు మోటార్ మూలగడం, మధ్యలో ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి మళ్ళీ కదలడం. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులైతే సాగిపోయి చుట్టల మధ్య సందులు తేలడం, ఒక పక్క స్ప్రింగ్ రెండోదానికంటే పొడుగ్గా కనిపించడం.

తలుపు ఏ ఇబ్బంది పెట్టినా స్ప్రింగే కారణమా?

కాదు. ఈ తేడా తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది. తలుపు బాగానే లేచి, దిగేటప్పుడు మాత్రం సగంలో వెనక్కి వెళ్ళిపోతూ మోటార్ లైటు మిణుకుమిణుకుమంటుంటే ముందు సెన్సర్లు చూడండి. నేలకి ఆరంగుళాలలోపు ఎత్తులో రెండు పక్కలా ఎదురెదురుగా ఉండే చిన్న కళ్ళవి. ఎవరి సైకిలో తగిలి పక్కకి తిరిగి ఉంటుంది, లేదా సాలెగూడు పట్టి ఉంటుంది. 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇంటి మోటార్లకి తలుపు కింద మనిషి చిక్కుకోకుండా ఇలాంటి రక్షణ ఉండాలని అమెరికా చట్టం. అందుకే దాదాపు ప్రతి ఇంట్లో అవి ఉంటాయి.

రిమోట్‌కి పలకక, గోడ మీది బటన్‌కి పలికితే బ్యాటరీ మార్చండి. మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తున్నా తలుపు అసలు కదలకపోతే ఎవరో ఎర్ర తాడు లాగి ఉండొచ్చు. తలుపు ఒక పక్కకి ఒరిగి లేస్తుంటే కేబుల్ అది చుట్టుకునే డ్రమ్ము నుంచి జారిందో, ఒక ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ పోయిందో. అది మాత్రం అసలు కదపకూడని పరిస్థితి. ఆపేసి, మనిషిని పిలవండి.

స్ప్రింగ్ ఎన్నేళ్ళు వస్తుంది?

ఏళ్ళలో చెప్పడం కుదరదు, వాడకాన్నిబట్టి ఉంటుంది. తలుపు ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్. మామూలు స్ప్రింగులు 10,000 సైకిళ్ళకి తయారుచేస్తారు, బిల్డర్లు పెట్టేవి ఎక్కువగా అవే. రోజుకి నాలుగుసార్లు వాడే ఇంట్లో దాదాపు ఏడేళ్ళు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇద్దరు పిల్లలతో, ఊరి నుంచి అమ్మానాన్నలొచ్చి వాకింగుకి కూడా గ్యారేజీ నుంచే వెళ్తుంటే రోజుకి ఎనిమిది తేలిగ్గా దాటుతుంది. అంటే మూడున్నరేళ్ళకే ఆ లెక్క పూర్తవుతుంది. కాబట్టి నాలుగో ఏడు స్ప్రింగ్ విరిగితే నాసిరకం పెట్టారనుకోనక్కర్లేదు.

ఒకే కమ్యూనిటీలో ఇళ్ళన్నీ ఒకేసారి కట్టి ఉంటే పక్కింట్లో స్ప్రింగ్ విరిగిందన్న కబురు మీకు ముందస్తు హెచ్చరిక. ఆ వారాంతంలోనే మీ తలుపు ఎత్తి చూడండి.

మార్చేటప్పుడు 20,000 లేదా 25,000 సైకిళ్ళవి అడిగి పెట్టించుకోవచ్చు. తీగ లావుగా, స్ప్రింగ్ పొడుగ్గా ఉంటుంది. ధర కొంత ఎక్కువే అయినా కూలీ ఒక్కసారే కదా. ఆ ఇంట్లో పది కాలాలపాటు ఉండాలనుకునేవాళ్ళు అదే తీసుకోవాలని నా అభిప్రాయం.

చలికాలం పొద్దున్నే ఎందుకు విరుగుతుంది?

వేల సార్లు మెలితిరిగిన ఉక్కులో కంటికి కనపడని సన్నటి పగుళ్ళు ముందే ఉంటాయి. చలికి ఉక్కు ఇంకాస్త పెళుసవుతుంది, ట్రాకుల్లో దొర్లే చిన్న చక్రాల్లో, అంటే రోలర్లలో, గ్రీజు గట్టిపడి తలుపు బరువెక్కుతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న తలుపుని పొద్దున మొదటిసారి ఎత్తే క్షణంలో ఆ పగులు తెగుతుంది. చలి కారణమనిపిస్తుంది గానీ, అలసిపోయిన స్ప్రింగ్‌కి అది చివరి దెబ్బ మాత్రమే. అందుకే చలి మొదలయ్యేముందు, అక్టోబరులోనే చూసుకోవడం మంచిది.

తుప్పు కనిపిస్తోంది. నూనె రాస్తే సరిపోతుందా?

పైపైన లేత తుప్పయితే గ్యారేజీ డోర్ కోసమే అమ్మే సిలికాన్ లేదా లిథియం స్ప్రే స్ప్రింగ్ పొడవునా పలచగా కొట్టండి. చుట్టల మధ్య రాపిడి తగ్గి కీచుమనే శబ్దం పోతుంది. మామూలు డబ్ల్యూడీ-40 తుప్పు వదలగొట్టడానికి పనికొస్తుంది గానీ ఎక్కువకాలం నిలిచే కందెన కాదు. వంటనూనె, కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతాయి. తుప్పు తీగని తినేసి గుంటలు పడి ఉంటే మాత్రం ఏ నూనె వేసినా లాభం లేదు. అక్కడే విరుగుతుంది, మార్చేయండి. న్యూజెర్సీ లాంటి చోట్ల కారుతో పాటు రోడ్డు మీది ఉప్పు లోపలికి వస్తుంది కాబట్టి తలుపు కింది మూలల్లో కేబుల్ కట్టిన చోటు కూడా చూడండి. తీగలో ఒక పోగు తెగి వెంట్రుకలా బయటికి పొడుచుకొచ్చినా కేబుల్ మార్చాలి.

ఒకటే విరిగింది. రెండూ మార్చాలా?

మార్చండి. రెండూ ఒకేరోజు పెట్టినవి, ఒకే లెక్కన తిరిగినవి. రెండోది ఎంతోకాలం ఆగదు, ఆగినా కొత్తదీ పాతదీ కలిసి బరువు సమంగా మోయవు. టెక్నీషియన్ రెండూ మార్చమంటే మోసం చేస్తున్నాడని అనుమానించక్కర్లేదు. ఇందులో అతను చెప్పేది సరైన మాట.

యూట్యూబ్ చూసి నేనే మార్చుకోవచ్చా?

టార్షన్ స్ప్రింగ్ జోలికి వెళ్ళవద్దని చేతులు జోడించి చెప్తాను. అందులో ఆ తలుపు బరువంతా ఎత్తేంత శక్తి బిగించి ఉంటుంది. స్ప్రింగ్ చివర దాన్ని బిగించే కోన్ అనే ముక్క స్క్రూ వదులుచేసిన క్షణాన, దాన్ని పట్టుకున్న కడ్డీ జారితే ఆ శక్తంతా చేతి మీదికో మొహం మీదికో వస్తుంది. వేళ్ళు, మణికట్లు విరిగిన మనుషులున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. స్క్రూడ్రైవర్లతో బిగించే వీడియోలు చూస్తే అక్కడే మూసేయండి. తలుపు కింది మూలల్లో కేబుల్ పట్టుకుని ఉండే బ్రాకెట్లు కూడా అదే టెన్షన్‌లో ఉంటాయి, వాటి బోల్టులు విప్పకూడదు.

మీరు చేసుకోగల పనులు చాలానే ఉన్నాయి: నూనె, హింజుల స్క్రూలు బిగించడం, సెన్సర్లు తుడవడం, బరువు పరీక్ష. స్ప్రింగ్ మాత్రం పని తెలిసినవాళ్ళకి వదిలేయండి.

స్ప్రింగ్ విరిగింది, కారు లోపల ఇరుక్కుంది, ఇప్పుడే బయల్దేరాలి. ఎలా?

వీలుంటే ఆ పూట ఊబర్‌లో వెళ్ళండి. ఫ్లైటో ఆసుపత్రో అయి తప్పదనుకుంటే, తలుపు మూసి ఉన్నప్పుడే ఎర్ర తాడు లాగి, బలమైన పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు రెండు పక్కలా పట్టుకుని ఒకేసారి ఎత్తాలి. పూర్తిగా పైకెళ్ళాక రెండు ట్రాకుల్లోనూ రోలర్ కింద లాకింగ్ ప్లయర్స్ (పట్టుకుంటే వదలకుండా బిగుసుకునే పట్టకారు) బిగించి, అప్పుడే కారు తీయాలి. తర్వాత అందరూ కలిసి పట్టుకునే దించాలి. ఒక్కరే చేయకండి.

అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకోటుంది. తలుపు తెరిచి ఉండగా స్ప్రింగ్ విరిగితే ఎర్ర తాడు అస్సలు లాగకండి. ఆ క్షణంలో తలుపుని పైన ఆపి ఉంచింది మోటార్ ఒక్కటే. తాడు లాగితే వంద పౌండ్లకి పైగా బరువు ఒక్కసారిగా కిందికొస్తుంది. ఎవర్నీ కింద నడవనీయకుండా టెక్నీషియన్ వచ్చేదాకా అలాగే వదిలేయండి.

ఇంట్లో పెద్దవాళ్ళకి, పిల్లలకి ఏం చెప్పాలి?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఈ తలుపు కొత్త. వచ్చిన వారంలోనే గ్యారేజీకి తీసుకెళ్ళి ఒకసారి చూపించండి. "నాన్నా, ఈ ఎర్ర తాడు ముట్టుకోకండి, తలుపు తెరిచి ఉన్నప్పుడు అసలు లాగకండి" అని చెప్పి, ఎందుకో కూడా చెప్తే గుర్తుంటుంది. ట్రాక్‌కి తాడు కట్టి బట్టలు ఆరేయడం, స్ప్రింగ్ ఉన్న కడ్డీకి సంచులు తగిలించడం మన ఇళ్ళలో జరిగేవే. రెండూ ప్రమాదం. ట్రాక్ వంగుతుంది, తిరిగే కడ్డీకి గుడ్డ చుట్టుకుంటుంది.

పిల్లలు దిగుతున్న తలుపు కింద నుంచి దూరి పరిగెత్తే ఆట ఆడతారు. ఎంత ముద్దుగా ఉన్నా ఆపించండి. నెలకోసారి తలుపు దారిలో 2x4 (టూ బై ఫోర్) అనే చెక్కని పడుకోబెట్టి తలుపు మూయండి. తగలగానే వెనక్కి లేవాలి. లేవకపోతే మోటార్ వాడకం ఆపి బాగుచేయించాలి.

కరెంటు పోయినప్పుడు స్ప్రింగ్‌తో సంబంధం ఉందా?

చాలా ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. అలాంటప్పుడు మోటార్ ఉన్నా లేనట్టే, తలుపుని చేత్తో ఎత్తాలి. 2017లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు లేక గ్యారేజీ తలుపులు తెరవలేక కొందరు చిక్కుకుపోయారు. ఆ తర్వాతే 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఇళ్ళకి కొత్తగా పెట్టే మోటార్లకి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేశారు. బ్యాటరీ ఉన్నా అది నడిపేది ఆ మోటార్‌నే, బరువు మోయాల్సింది మళ్ళీ స్ప్రింగే. మీరు ఊళ్ళో లేనప్పుడు మీ అమ్మగారు ఒక్కరే ఆ తలుపు ఎత్తగలరా? బరువు పరీక్ష చేసే రోజు ఆమె చేత కూడా ఒకసారి ఎత్తించి చూడండి.

టెక్నీషియన్‌ని ఏం అడగాలి? ఖర్చు ఎవరిది?

స్ప్రింగులు, కూలీ కలిపి మొత్తం ఎంతో ఫోన్‌లోనే అడగండి. ఎన్ని సైకిళ్ళ స్ప్రింగ్, గ్యారంటీ పార్టులకేనా కూలీకి కూడానా, ఇవి బిల్లు మీద రాయించుకోండి. మరీ తక్కువ సర్వీస్ చార్జీ ప్రకటించి, ఇంటికొచ్చాక రోలర్లు, డ్రమ్ములు, మోటార్ అన్నీ పోయాయని వెయ్యి డాలర్లు దాటించేవాళ్ళున్నారు. పోయిందన్న పార్ట్ చూపించమనండి. తలుపు బరువు చూడకుండానే స్ప్రింగ్ సైజు తేల్చేసేవాళ్ళని నమ్మకండి, అలా పెట్టిన స్ప్రింగ్ మొదటి రోజు నుంచే తప్పు బరువు మోస్తుంది. ఇద్దరు ముగ్గుర్ని అడిగి, మీ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో విచారించి పిలవండి.

ఇంటి ఇన్సూరెన్సులు సాధారణంగా అరుగుదలకి డబ్బివ్వవు. హోమ్ వారంటీ ఉంటే అందులో స్ప్రింగులు చేర్చారో లేదో చదవండి, కొన్నిటిలో మోటార్ ఒక్కటే ఉంటుంది. అద్దె ఇల్లయితే ఓనర్‌కి వెంటనే ఫోటోతో సహా మెసేజ్ పెట్టండి.

మార్చాక ఏం చూసుకోవాలి?

టెక్నీషియన్ వెళ్ళకముందే, అతని ఎదుటే బరువు పరీక్ష చేయించండి. నడుమెత్తులో తలుపు నిలబడాలి. చెక్కతో వెనక్కి లేచే పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే స్ప్రింగ్ మారితే మోటార్ బలం సెట్టింగు కూడా సరిచూడాల్సి ఉంటుంది. మార్చిన తేదీ, సైకిళ్ళ సంఖ్య మార్కర్‌తో తలుపు లోపలివైపు రాసిపెట్టండి. రేపు ఇల్లు కొనేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఊళ్ళో మా షాపు షట్టర్‌కి కూడా ఇవే లక్షణాలా?

చాలావరకు అవే. చేత్తో ఎత్తే రోలింగ్ షట్టర్లలో స్ప్రింగులు పైన పైపులోనే ఉంటాయి కాబట్టి కంటికి కనిపించవు. ఇదివరకు ఒక్కరు ఎత్తే షట్టర్‌కి ఇద్దరు కావాల్సి రావడం, సగంలో వదిలితే జారి ధడాలున పడటం, ఒక పక్క ముందు లేచి ఇంకో పక్క వెనకబడటం చూస్తే స్ప్రింగ్ పోతున్నట్టే. సగం ఎత్తి కర్ర ఆనించి దాని కింద నుంచి వంగి వెళ్ళడం మాత్రం మానేయండి. షట్టర్ మేస్త్రీని పిలిచి పైపు దింపించి స్ప్రింగులన్నీ ఒకేసారి మార్పించండి.